పఫర్ చేపల మేత

మా ఇంట్లో దోమల్ని లేకుండా చేసే ఉద్యోగం మా ఆవిడది. దోమ పురుగుల్ని పెంచే పని నేను పెట్టుకున్నాను. రెండు పనులూ ఒకే కప్పు కింద రెండు నెలలు నడిచాయి. ఆమె పని నాకు తెలుసు, నా పని ఆమెకు తెలియదు, అంతే తేడా.

మాది కొత్తగూడెం. నేను బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. మా ఆవిడ ఏఎన్ఎం. మేముండే క్వార్టర్ల వరసలన్నీ ఆమె డ్యూటీ ఏరియాలోవే. వానాకాలం మొదలైందంటే ప్రతి శుక్రవారం ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. కూలర్ల అడుగున, డ్రముల్లో, పాత టైర్లలో, పూలకుండీల కింది పళ్లేల్లో టార్చిలైటు వేసి చూస్తుంది. తోకాడించే పురుగు ఒక్కటి కనిపించినా నీళ్లు పారబోయించి, ఆ ఇంటివాళ్లకు నాలుగు చీవాట్లు పెట్టి, రిజిస్టర్లో రాసుకుంటుంది. అడవి పక్క జిల్లా కాబట్టి ఇక్కడ జ్వరం అనే మాటను ఎవరూ తేలిగ్గా తీసుకోరు. భద్రాచలం అవతలి ఊళ్ల నుంచి వానాకాలంలో మంచాల మీద మోసుకొచ్చే మనుషుల్ని ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసింది. అందుకే దోమంటే ఆమెకు పగ.

అలాంటి ఇంట్లో నేను చేసిన పని ఎంత తెలివితక్కువదో నాకు తెలియక కాదు. కానీ అది ఒక్క రోజులో జరిగింది కాదు. మా అమ్మాయి పదో తరగతి ఆఖరి పరీక్ష రాసి వచ్చి, బ్యాగు మంచం మీద పడేసి, ఫోన్లో ఒక చేపను చూపించిన రోజున మొదలైంది.

బఠానీ గింజంత చేప అది. పసుపు పచ్చ ఒంటి మీద నల్లటి మచ్చలు, బొద్దు మొహం. కళ్లు రెండూ దేనికదే తిరుగుతాయి. ఒకటి మనల్ని చూస్తుంటే ఇంకోటి వెనక గోడను చూస్తుంటుంది. పఫర్ అంటారట. కేరళ వాగుల్లో పుట్టే రకం, ఉప్పు నీళ్లు అక్కర్లేదు. భయపడితే ఒళ్లంతా ఉబ్బించి గోలీ అయిపోతుంది. అది చూడాలని నాకు వెంటనే అనిపించింది. ఉబ్బిన ప్రతిసారీ దాని ప్రాణం మీదికి వస్తుందని, దాన్ని ఉబ్బించాలని చూసేవాళ్లు మనుషులే కాదని మా అమ్మాయి నన్ను మందలించింది. జూన్‌లో హైదరాబాద్ హాస్టల్‌కి వెళ్లిపోయే పిల్ల. రెండు నెలలే ఇంట్లో ఉంటుంది. ఏది అడిగినా కాదనే స్థితిలో నేను లేను.

రెండడుగుల గాజు తొట్టి ఖమ్మంలో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. స్టాండు నేనే కొలతలిచ్చి వెల్డింగ్ చేయించాను. లెవెల్ చూశాను. ఎడమ కాలి కింద రేకు ముక్క పెట్టి సరిచేశాను. లీకేజీ కోసం ఒక రోజంతా నీళ్లు నింపి చుట్టూ పేపర్లు పరిచి కూర్చున్నాను. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పనే కదా. బోల్టు బిగిస్తే నిలబడాలి, వాషర్ వేస్తే కారకూడదు. చేపల తొట్టి కూడా అలాంటిదే అనుకున్నాను.

అలాంటిది కాదని మొదట ఇసుక చెప్పింది. గోదావరి ఇసుక ఒక గంపెడు తెచ్చి బకెట్లో వేసి కడగడం మొదలుపెడితే, పద్దెనిమిది సార్లు కడిగినా నీళ్లు చాయ్ రంగులోనే ఉన్నాయి. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. నల్లా నీళ్లలో బ్లీచింగ్ ఉంటుందని వాటిని బకెట్లలో రెండు రోజులు నిలవ ఉంచి పోశాం. నాచు మొక్కలు నాటాం. అవి కొట్లాటకోరు చేపలు, ఒకదాని కంటికి ఒకటి కనబడకుండా దాక్కునే చోట్లు ఉండాలట. స్పాంజి ఫిల్టరు పెట్టి మోటారు వేశాం. బుడగలు వచ్చాయి. ఇక చేపలు తెద్దామా అంటే మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

నెల రోజులు ఆగాలట. చేప విసర్జించే మురుగు నీళ్లలో విషమవుతుంది. ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు స్పాంజిలో కాపురం పెట్టాలి. అవి తమంతట తాము రావాలి, మనం తేలేం. చేపల్లేని తొట్టిలో రోజూ చిటికెడు చేపల మేత వేసి కుళ్లబెట్టి, ఆ కుళ్లుతో వాటిని పెంచాలి. మా అమ్మాయి ప్రతి మూడో రోజు చిన్న గాజు గొట్టంలో నీళ్లు తీసి చుక్కలమందు వేసి రంగు చూసేది. ఏప్రిల్ ఎండకు నీళ్లు వేడెక్కితే ఐస్ బాటిల్ తేలేసేది. ఇంటికొచ్చిన ప్రతివాడూ చేపలేవని అడిగేవాడు. పక్క క్వార్టర్ పెద్దమ్మ అయితే రోజూ సాయంత్రం వచ్చి, తొట్టి ముందు ముక్కాలిపీట వేసుకుని, ఖాళీ నీళ్లు చూసి వెళ్లేది.

పెద్దమ్మ గురించి చెప్పాలి. రక్త సంబంధం లేదు. ఆమె కొడుకు గనిలో పని చేస్తాడు, కోడలు బట్టల షాపులో. పగలంతా ఆమె, ఆమె కోళ్లు. మేమంతా ఒకే చర్చి. బుధవారం ఆడవాళ్ల ప్రార్థన ఆమె ఇంట్లోనే జరుగుతుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు మా ఆవిడ డ్యూటీలో చేరాల్సి వస్తే మూడేళ్లు ఒళ్లో పెట్టుకుని పెంచింది ఆమే. నేను పెద్దగా ప్రార్థన చేసే మనిషిని కాదు. ఆమె ఆ లోటు పూడుస్తున్నట్టు నా పేరు కూడా కలిపి చేసేది. చేపల్లేని ఆ తొట్టి కోసం కూడా చేసిందని నాకు అనుమానం.

చేపలు జూన్ మొదటి వారంలో వచ్చాయి. నాలుగు. ప్లాస్టిక్ సంచుల్ని అరగంట నీళ్ల మీద తేలేసి, గ్లాసు గ్లాసుగా నీళ్లు కలిపి, అప్పుడు వదిలాం. పెద్దమ్మ కళ్లద్దాలు తుడుచుకుని వంగి వెతికింది.

"గీ బుడ్డోళ్ల కోసమా బిడ్డా ఇన్నొద్దులు ఆగింది?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి అవి బుడ్డోళ్లే అయ్యాయి.

ఆరు రోజులకు మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లిపోయింది. తొట్టి పక్క గోడకు ఒక కాగితం అతికించి వెళ్లింది. స్పాంజిని నల్లా నీళ్లలో కడగొద్దు, అందులో ఉన్నవన్నీ చచ్చిపోతాయి. వారానికోసారి పావు వంతు నీళ్లే మార్చాలి. గాజు మీద తట్టొద్దు. స్టేషన్లో రైలు కదిలేముందు కిటికీలోంచి, "క్రిస్మస్‌కి నేనొచ్చేసరికి నాలుగూ ఉండాలి డాడీ," అంది. ఉంటాయన్నాను. పిల్లకు కావలసిన మాట అంత తేలిగ్గా ఇచ్చేస్తాం.

ఆ కాగితం మీద మేత గురించి కూడా రాసి ఉంది. కానీ రాయడం వేరు, తినిపించడం వేరు. ఈ చేప డబ్బాలో మేత తినదు. కదిలేదే తింటుంది. మొదట్లో నాచు మొక్కలతో పాటు వచ్చిన సన్న నత్తలుండేవి. వాటి పెంకులు కొరికితే పళ్లు అరుగుతాయట, అరగకపోతే నోరు మూసుకుపోయేంత పెరుగుతాయట. పదిహేను రోజుల్లో తొట్టిలో నత్త అన్నది లేకుండా పోయింది. గడ్డకట్టించిన పురుగుల పొట్లం ఖమ్మం నుంచి తెచ్చి వేస్తే నాలుగూ వచ్చి, ఒక్కో కంటితో చూసి, వెళ్లిపోయాయి. పొట్టలు లోపలికి పోయాయి. నేను గదిలోకి అడుగుపెడితే చాలు, నాలుగూ గాజు దగ్గరికి వచ్చి నన్నే చూస్తూ పైకీ కిందికీ కొట్టుకునేవి. కుక్క అయితే మొరుగుతుంది, పిల్లి అయితే కాళ్లకు చుట్టుకుంటుంది. ఇవి ఏమీ అనకుండా చూసేవి. ఆ చూపులు నాకు చిరాకు తెప్పించేవి. మీ యజమాని హైదరాబాద్‌లో ఉంది, దాన్ని అడగండి అని ఒకసారి వాటి మీద అరిచాను కూడా.

తిరుమలాయపాలెం వైపు మా తోడల్లుడికి పొలం ఉంది. నాట్లు వేసిన మడిలో నత్తలుంటాయని ఆదివారం పోయి ఒక సీసా నిండా ఏరుకొచ్చాను. నాలుగు చేపలూ పండగ చేసుకున్నాయి. మూడో రోజు పొద్దున రెండు వెల్లకిలా తేలి ఉన్నాయి. ఫోన్ చేసి అడిగితే, నాట్లేసిన వారానికే గుళికలు చల్లామన్నాడు తోడల్లుడు. పొలంలో మందు ఉంటుందని ఈ జిల్లాలో పుట్టినవాడెవడికైనా తెలుసు. నాకూ తెలుసు. తెలిసినది సమయానికి గుర్తురాలేదు, అంతే. ఆ రెంటినీ మందార చెట్టు మొదట్లో పూడ్చాను. అగ్గిపెట్టెలో రెండూ పట్టాయి.

హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం పది నిమిషాలు ఫోన్ ఇస్తారు. ఆ ఆదివారం మా అమ్మాయి భోజనం బాగోలేదంది, లెక్కలు అర్థం కావడంలేదంది, పక్క మంచం పిల్ల రోజూ ఏడుస్తుందంది. తను ఏడుస్తున్నట్టు మాత్రం చెప్పలేదు. ఆఖర్న, "నాలుగూ తింటున్నయా డాడీ?" అని అడిగింది. తింటున్నాయన్నాను. పక్కనే ఉన్న మా ఆవిడ నా వైపు చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

జులై ఆఖర్లో వానలు పట్టుకున్నాయి. మా పెరట్లో బొగ్గుల గూడు ఒకటి ఉంది. వంటకు బొగ్గు వాడిన రోజుల్లో కట్టింది, ఇప్పుడు పాత సామాను పడేస్తాం. అందులో, పైన రేకు ఊడిన చోట, ఒక సిమెంటు తొట్టి. స్పానర్ వెతకడానికి వెళ్లి చూస్తే తొట్టిలో సగానికి వాన నీళ్లు, ఆ నీళ్ల నిండా వంకర తిరుగుతూ, పైకొచ్చి కిందికి జారుతున్న పురుగులు. మా ఆవిడ గోడ పత్రికల మీద పెద్ద బొమ్మగా ఉండే పురుగే. పారబోయడానికి తొట్టి అంచు పట్టుకున్నాను కూడా. పట్టుకుని ఆగాను.

వంటింట్లో చాయ్ జాలి తెచ్చి ఒక్కసారి ముంచి తీశాను. చేపల తొట్టిలో వదిలాను. మిగిలిన రెండు చేపలూ అప్పుడు ఎగిరిన ఎగురుడు నేను మాటల్లో చెప్పలేను. ఒక్కో పురుగు వెనకపడి, ఆగి, గురి చూసి, టక్కున అందుకునేవి. పావుగంటలో పొట్టలు గుండ్రంగా అయ్యాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు వారాలుగా నా ఇంట్లో నా కళ్లముందు రెండు ప్రాణాలు మాడుతుంటే చూస్తూ ఊరుకున్నవాణ్ణి. ఇప్పుడు నాకు చేతనైన పని ఒకటి దొరికింది.

నేనూ ఏఎన్ఎం మొగుణ్ణే. పురుగు రెక్కలు తొడిగి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుందని మా ఆవిడ ఇంటింటా చెప్పగా వందసార్లు విన్నాను. అంతకంటే ముందే అన్నిటినీ జాలితో తీసేస్తే దోమ ఎక్కడిది? రోజూ పొద్దున డ్యూటీకి ముందు తీసేవాణ్ణి. మీ డిపార్ట్‌మెంటువాళ్లు కూడా చెరువుల్లో చేపల్ని వదిలి పురుగుల్ని తినిపిస్తారు కదా అని మా ఆవిడతో మనసులోనే వాదించి గెలిచేవాణ్ణి. పైకి మాత్రం చెప్పలేదు. చాయ్ జాలి ఏమైందని అడిగితే విరిగిందని చెప్పి కొత్తది తెచ్చాను. పాతదాని ఎర్ర పిడి ఒక పక్క స్టవ్ మంటకు కరిగి వంకరపోయి ఉండేది. అది బొగ్గుల గూట్లో మేకుకు వేలాడేది.

శుక్రవారం తనిఖీ సంగతేమిటంటే, మా ఆవిడ మా వరసలో అన్ని ఇళ్లూ చూస్తుంది, మా ఇల్లు తప్ప. తన ఇల్లే కదా. బయలుదేరేముందు చాయ్ తాగుతూ రిజిస్టర్లో మొదటి గీత మా ఇంటి నంబర్ ఎదురుగా గీస్తుంది, పురుగులు లేవని. ఏళ్లుగా అంతే. నేను ఎదురుగా కూర్చుని ఆ గీత గీయడం చూసేవాణ్ణి.

సెప్టెంబర్‌లో వర్క్‌షాపులో పెద్ద మెషిన్ ఒకటి విప్పారు. నాలుగు రోజులు డ్యూటీ మీద డ్యూటీ. ఇంటికి స్నానానికీ నిద్రకే రావడం. చేపల మేత ఎవరు చూడాలి? మా ఆవిడను అడగడానికి లేదు. పెద్దమ్మను పెరట్లోకి తీసుకెళ్లి తొట్టి చూపించాను, జాలి చేతికిచ్చాను, ఎన్ని వేయాలో చెప్పాను. మా ఆవిడకు చెప్పొద్దన్నాను. పెద్దమ్మ చిన్నపిల్లలా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రోజూ పొద్దున మా ఆవిడ వెళ్లాక వచ్చి వేసేది.

అయిదో రోజు నేను వెళ్లి చూస్తే తొట్టిలో పురుగులు తక్కువగా ఉన్నాయి. నీళ్ల మీద మాత్రం సన్నటి ఖాళీ పొట్టులు తేలుతున్నాయి. ఇన్ని తీయాలని నేను చెబితే పెద్దమ్మ అన్నే తీసింది. మిగిలినవి తమ దారిన తాము రెక్కలు తొడుక్కుని పోయాయి. అది నాకు అర్థమైంది. అర్థమైనా ఆ పొట్టుల్ని చేత్తో పక్కకు నెట్టి, అడుగున మిగిలిన పురుగుల్ని గుడ్డతో వడగట్టి తీసుకెళ్లాను. ఇప్పుడు తలచుకుంటే ఆ చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది.

జాలి పెద్దమ్మ దగ్గరే ఉండిపోయింది. నేనూ అడగలేదు. తర్వాత కొన్నాళ్లు ఆమె రెండు రోజులకోసారి స్టీలు గ్లాసు మీద చెయ్యి మూసి తెచ్చేది. గ్లాసులో పురుగులు. మా తొట్టిలో తగ్గినయ్ కదా, ఇది తన వంతు అనేది. ఎక్కడివని నేను అడగలేదు. కోళ్ల నీళ్లలోవో కాలవలోవో అయి ఉంటాయని సర్దుకున్నాను. అడిగితే వద్దని చెప్పాలి. వద్దంటే చేపలకు ఏం పెట్టాలి? ఆ ఆదివారాల్లో మా అమ్మాయి గొంతు కాస్త తేరుకుంది. లెక్కలు అర్థమవుతున్నాయంది. చేపలు ఎలా ఉన్నాయంటే ఎగురుతున్నాయని, ఆ ఒక్క మాట మాత్రం నిజమే చెప్పేవాణ్ణి.

సెప్టెంబర్ ఆఖరి వారంలో పెద్దమ్మకు జ్వరం వచ్చింది. రెండు రోజులు కషాయం తాగి పడుకుంది. మూడో రోజు కళ్ల వెనక పోట్లంది, లేవలేకపోయింది. మా ఆవిడే ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లి రక్తం తీయించింది. డెంగీ. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని అక్కడినుంచి ఖమ్మం పంపించారు. కొడుకూ కోడలూ ఇంటికి తాళం వేసి వెంట వెళ్లారు.

ఒక ఇంట్లో డెంగీ తేలిందంటే చుట్టుపక్కల ఇళ్లన్నీ తనిఖీ చేసి, పురుగు ఎక్కడుందో పట్టుకోవాలి. మర్నాడు పొద్దున మా ఆవిడ యూనిఫారం చీర కట్టుకుంటుంటే నేను పెరట్లోకి నడిచాను. పరుగెత్తితే తెలిసిపోతుందని నడిచాను. తొట్టి వంచి నీళ్లు మట్టిలోకి ఒలకబోశాను. అడుగున పట్టిన పాకుడు కూడా చీపురుతో గీకాను. పురుగులు మట్టిలో కాసేపు కొట్టుకుని ఆగిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది పెద్దమ్మ స్టీలు గ్లాసు.

మా రెండు పెరళ్ల మధ్య నడుం ఎత్తు గోడ. గోడ దగ్గరికి వెళ్లాను. కోళ్ల గూడు పక్కన, నీడలో, ఒక పాత మట్టికుండ మూతి మీద తడి గోనెసంచి ముక్క కనిపించింది. శుక్రవారాల తనిఖీలో అది కోళ్ల సామానులాగే కనబడి ఉంటుంది. దూకితే రెండు నిమిషాల పని. ఇటు వరస మొదట్లో ఆశా కార్యకర్త గొంతు వినిపించింది, మా ఆవిడ వాకిలి తలుపు తీసిన చప్పుడు వినిపించింది. నేను గోడ దూకలేదు. ఎవరైనా చూస్తే ఏం చెప్పాలన్నదే నాకు ముందు తోచింది. దవాఖానాలో పడి ఉన్న మనిషి తర్వాత తోచింది.

పెద్దమ్మ కోడలు బట్టల కోసం ఖమ్మం నుంచి వచ్చి ఉంది. ఆమె తలుపు తీసింది. మా వరసలోవాళ్లు నలుగురైదుగురు వెంట వచ్చారు. నేనూ వాళ్లలో ఒకడిగా నిలబడ్డాను. మా ఆవిడ గోనె తీసి టార్చిలైటు వేసింది. కుండలో నీళ్లు కనబడనన్ని పురుగులు. కోడలు నెత్తి కొట్టుకుంది. ప్రార్థనలు చేసుకునే ఇంట్లో ఇంత మురికా అని ఎవరో అన్నారు. ముసలావిడ చాదస్తమని ఇంకెవరో అన్నారు. మా ఆవిడ వంగి కుండ వెనక నుంచి ఏదో తీసింది. వంకర పోయిన ఎర్ర పిడి ఉన్న చాయ్ జాలి.

దాన్ని తిప్పి చూసింది. తలెత్తి గుంపులో నన్ను వెతికి పట్టుకుంది. కుండ ఒంపించి పగలగొట్టించింది. రిజిస్టర్లో రాసింది. జాలిని సంచిలో వేసుకుని తర్వాతి ఇంటికి వెళ్లింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు జాలిని బల్ల మీద, నా కంచం పక్కన పెట్టింది.

"ఇది మనది," అంది.

అన్నీ చెప్పాను. తొట్టి, నాలుగు రోజుల డ్యూటీ, స్టీలు గ్లాసు, పొద్దున వంచేసిన సంగతి. అరుస్తుందని, అరిస్తే బాగుండునని ఎదురుచూశాను. ఆమె నా మాటలు పూర్తిగా విని, రిజిస్టర్ తెరిచి, శుక్రవారాల పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. ప్రతి పేజీలో మా ఇంటి నంబర్ ఎదురుగా గీత. "నేను చూడకుండనే గీసిన," అంది. అన్నం అలాగే వదిలేసి మళ్లీ డ్యూటీకి వెళ్లింది.

ఏ దోమ ఎవరిని కుట్టిందో చెప్పడం దేవుడికే సాధ్యం. మా తొట్టిలోదో, ఆమె కుండలోదో, నాలుగు వరసల అవతలి కూలర్లోదో. ఆ అనుమానం నాకు ఊరట కావాలి నిజానికి. కాలేదు. ఆ కుండ కూడా నా కోసం పెట్టిందే.

రెండో రోజు ఖమ్మం వెళ్లాను. పెద్దమ్మ మంచంలో సగమైపోయి ఉంది. చేతుల మీద సూదుల చోట నల్లగా కమిలింది. కొడుకు పక్కనే నిలబడి, కుండలో పురుగులు పెట్టుకుని కూర్చుందని, తన పరువు తీసిందని నాతో చెప్పుకుంటున్నాడు. నేను చెబుదామనే వెళ్లాను. బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాను. నోరు తెరిచేలోపు ఆమె చెయ్యి ఎత్తి కొడుకును ఆపింది.

"కోళ్లకు నీళ్లు పెట్టిన కుండరా అది. యాది మర్చిన. పెద్దతనం," అంది.

అబద్ధమాడడం ఆమెకు రాదు. చెప్పేటప్పుడు కొడుకు మొహం చూడకుండా సెలైన్ సీసాను చూసింది. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "బుడ్డోళ్లు తింటున్నరా బిడ్డా? పిల్ల వచ్చేదాక కాపాడుకోవాలె గద," అంది. తింటున్నాయన్నాను. తొట్టి వంచినప్పటి నుంచీ అవి ఏమీ తినడంలేదు. ఆ వారమే ఇంకోటి చచ్చిపోయింది. ఒక్కటి మిగిలింది.

పన్నెండు రోజులకు పెద్దమ్మ ఇంటికి వచ్చింది. గోడ పట్టుకుని నడిచేది. మా చర్చిలో పెద్ద జబ్బు నుంచి లేచినవాళ్లు వచ్చిన మొదటి ఆదివారం ముందుకెళ్లి సాక్ష్యం చెప్పాలి. ఏం జరిగిందో, దేవుడు ఎలా లేపాడో సంఘం ముందు చెప్పి స్తోత్రం చెల్లించాలి. కోడలు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి నిలబెట్టింది. నేను మగవాళ్ల వైపు వెనక వరసలో కూర్చున్నాను. పెద్దమ్మ మైకు పట్టుకుని, తన మతిమరుపు వల్ల ఇంట్లో పురుగులు పెరిగాయని, దానికి సంఘం క్షమించాలని, దేవుడు మాత్రం తనను విడిచిపెట్టలేదని చెప్పింది. దవాఖానాలో చెప్పిన మాటనే పీఠం ముందు నిలబడి మళ్లీ చెప్పింది. ఈసారి ఎవరి మొహమూ చూడలేదు, కళ్లు మూసుకుంది.

పాస్టరు గారు ఎప్పటిలాగే ఇంకెవరైనా సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా అని అడిగారు. ముందు కుర్చీ అంచు పట్టుకున్నాను. లేవాలని అనుకున్నాను, లేస్తున్నాననే అనుకున్నాను. ఆడవాళ్ల వైపు ఎవరో లేచారు. మా ఆవిడ.

"ఆ పురుగులు మొదలు మా ఇంట్ల పెరిగినయ్," అంది. "వారం వారం చూడకుండనే లేవని రాసుకున్న. పెద్దమ్మది ఏం తప్పు లేదు." నా సంగతి ఎత్తలేదు. చెప్పి కూర్చుంది. అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి, ఒక్క పెద్దమ్మ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. నేను కూర్చునే ఉన్నాను. పాట మొదలయ్యాక అందరితో పాటు లేచాను.

మర్నాడు మా ఆవిడ ఆఫీసులో కూడా అదే రాసిచ్చింది. నెల తిరక్కుండా ఆమెను భద్రాచలం అవతల అడవి పల్లెల సబ్‌సెంటర్‌కు వేశారు. అక్కడే గది కిరాయికి తీసుకుంది. శనివారం సాయంత్రం వస్తుంది, సోమవారం మొదటి బస్సుకు పోతుంది. నా మీద కోపంగా ఉండదు, అదే భరించలేకుండా ఉన్నాను. కూర ఏం వండాలో అడుగుతుంది, పిల్ల ఫీజు సంగతి మాట్లాడుతుంది. వచ్చిన ప్రతిసారీ చేతి సంచి దించకముందే టార్చి తీసుకుని పెరడంతా చూస్తుంది. నేను వెనక నిలబడతాను. నా తప్పు నువ్వెందుకు మోశావని ఒకసారి అడిగాను. "నీది నేను మొయ్యలే. నాది చెప్పుకున్న. నీది నీ దగ్గర్నే ఉంది," అంది.

ఉంది. ప్రతి ఆదివారం పాస్టరు గారు అడుగుతారు, ఇంకెవరైనా ఉన్నారా అని. ప్రతి ఆదివారం నేను కుర్చీ అంచు పట్టుకుంటాను. మధ్యాహ్నం మా అమ్మాయి ఫోన్లో అడుగుతుంది, నాలుగూ ఉన్నాయా అని. ఉన్నాయంటాను. క్రిస్మస్‌కు ఇంకా పది రోజులున్నాయి. వాకిట్లో స్టార్ కట్టాను. వచ్చేవారం ఆ పిల్ల బ్యాగు కింద పెట్టి నేరుగా తొట్టి దగ్గరికే వెళ్తుంది.

వానలు వెనకబట్టాక ఊరి అవతలి వాగులో నీళ్లు తేరాయి. రాళ్లకు సన్న నత్తలు పట్టాయి. అక్కడ పొలాలు లేవు, మందులు లేవు. పెద్దమ్మ పొద్దున్నే కర్ర ఊతంగా నడుచుకుంటూ అంతదూరం పోయి, రెండో మూడో నత్తలు గిన్నెలో వేసుకుని వస్తుంది. పోవద్దంటే వినదు. నేను తెస్తానంటే నీకు డ్యూటీ ఉంటది అంటుంది. ఆ ఒక్క చేపా ఒక కంటితో ఆమెను, ఒక కంటితో నన్ను చూస్తూ గాజు దగ్గరికి వస్తుంది. ఆమె దా బుడ్డోడా అని వంగుతుంది. నేను పక్కన నిలబడి తొట్టి మూత ఎత్తి పట్టుకుంటాను. ఇప్పటివరకు నాకు చేతనైంది అంతే.